జేజినాయన గోళ్ళకంటిన నీలి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో అందరికంటే మంచివాడు మా జేజినాయన. మా నాయనకు తండ్రి ఆయన. మా వైపు తాతను అలాగే పిలుస్తాం. ఒక ఎండాకాలం మా వీధి పశువులను చంపింది కూడా ఆయనే. ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించి పక్కపక్కన చెప్పడానికి నాకు డెబ్బై ఏళ్ళు పట్టింది. ఇప్పుడైనా కోపంతోనే చెబుతున్నాను. ఎవరేమనుకున్నా సరే.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మాది కడప జిల్లాలో, జమ్మలమడుగుకు ఎద్దుల బండి మీద ఒక పూట దూరం. మిద్దెక్కితే గండికోట కొండలు కనిపించేవి. ఊళ్ళో సగం సేద్యగాళ్ళు, సగం మగ్గాలవాళ్ళు. మా పశువుల కొట్టం గోడకు ఆనుకునే మగ్గం పెద్దమ్మ ఇల్లు. ఆమె మాకు చుట్టం కాదు, కులమూ వేరే. అయినా పుట్టినప్పటినుంచీ పెద్దమ్మ అనే పిలిచాను. భర్త పోయాక ఒక్కతే మగ్గం నేసేది, నూలుకు రంగు కూడా తానే అద్దుకునేది. పెరట్లో నీలిబాన ఒకటి ఎప్పుడూ మూతపెట్టి ఉండేది. ఆ బాన పక్కనే గుంజకు ఒక ఆవు. చేను లేని మనిషికి ఆవెందుకని ఊళ్ళో కొందరు నవ్వేవాళ్ళు. ఆ నవ్వినవాళ్ళ పిల్లలు ఎందరో ఆ ఆవు పాలు తాగారు. నేనూ తాగాను.

ఆ ఎండాకాలం పశువులకు పెద్దరోగం వచ్చింది. డాక్టర్లు దాన్ని ముసర అంటారు. ముందు మేత మానేస్తుంది ఎద్దు. కళ్ళవెంట నీళ్ళు, ముక్కు వెంట చీమిడి. చిగుళ్ళ మీద తవుడు అంటించినట్టు తెల్లగా పుండ్లు లేస్తాయి. తర్వాత పేడ నీళ్ళై పారుడు మొదలవుతుంది. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు మరిచిపోలేరు. వారం తిరిగేలోపు ఎద్దు నేలకు ఒరుగుతుంది. మృగశిర కార్తె ఇంకో నెలలో ఉంది. కార్తెకు వాన పడితే మడక కట్టి దున్నాలి, ఎద్దులు లేకపోతే ఆ ఏడంతా పస్తే. అందుకే రోగం మాట వినగానే మగవాళ్ళ ముఖాల్లో నెత్తురు చుక్క లేదు.

మా జేజినాయన పశువులకు మందు తాపేవాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. మిరియాలు, వాము, వేపాకు, బెల్లం, ఇంత పసుపు వేసి కషాయం కాచి కుండలో పోసేవాడు. ఒక వెదురుగొట్టం ఉండేది, ఆయన తండ్రి నాటిది, ఆయన చేతిలో తిరిగి తిరిగి నున్నగా అయిపోయింది. ఎద్దు తల పైకెత్తించి, నాలుక పక్కకు పట్టి, ఆ గొట్టం గొంతుదాకా దూర్చి మందు పోసేవాడు. తీసి మళ్ళీ కుండలో ముంచేవాడు, మళ్ళీ పోసేవాడు. ఒక కొట్టం అయితే పక్క కొట్టం.

ఆయనకో పద్ధతి ఉండేది. రోగమొచ్చినదానికి ముందు, ఎందుకంటే దానికి అవసరం ఎక్కువ. బాగున్నవాటికి తర్వాత, రాకుండా ఉండాలని. మా ఎద్దులకు అందరికంటే ఆఖర, ఎందుకంటే మనది మనం ముందు చూసుకోకూడదు. దీన్నే ధర్మం అని మా ఇంట్లో అందరం నమ్మాం. ఆ ధర్మంలో ఒక్క అక్షరం తప్పు లేదు. వరుస ఒక్కటే తప్పు.

రోగం మొదలు కాకముందే సర్కారు పశువుల డాక్టరు ఒకాయన సైకిలు మీద వచ్చాడు. ఊరూరా సూదులు వేస్తున్నారని చెప్పాడు. ఆ సూది వేస్తే ఎద్దు నీరసపడి మడక లాగదని ఎవరో అన్నారు. పశువులన్నీ కొండకు తోలేసి కొట్టాలు ఖాళీగా చూపించారు. ఆ సలహా ఇచ్చింది మా జేజినాయనే. పెద్దల మాట చద్దిమూట అంటారు. ఎండాకాలంలో చద్ది కూడా పాసిపోతుందని ఎవరూ చెప్పరు.

మగ్గం పెద్దమ్మ ఆవు బాగానే ఉన్న రోజున జేజినాయన ఆమె పెరట్లోకి వెళ్ళి, ముందుజాగ్రత్తగా దానికీ మందు తాపి వచ్చాడు. ఎనిమిదో రోజుకు ఆవు కళ్ళవెంట నీరు కారింది. పద్నాలుగో రోజుకు చచ్చిపోయింది.

అప్పుడు ఊరు ఏం చేసిందో చెబితే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది. రోగం వచ్చిందని ఊళ్ళో ఒకరోజు కట్టు పెట్టి ఉన్నారు. ఆ రోజు మడక కదలకూడదు, రోలు కదలకూడదు, మగ్గం ఆడకూడదు. ఆ రోజు పెద్దమ్మ సగంలో ఉన్న చీర అంచు నేసిందట, మగ్గం చప్పుడు ఎవరో విన్నారట. అందుకే అమ్మవారికి కోపం వచ్చి ఆమె ఆవును తీసుకుందనీ, రోగం ఇంకా పోనిది ఆమె వల్లేననీ అన్నారు. ఆవును పోగొట్టుకున్న మనిషి గుమ్మం ముందు నిలబడి ఆ మాటలు అన్నారు. ఎదురు చెప్పినవాళ్ళు ఒక్కరు లేరు. జేజినాయన కూడా చెప్పలేదు.

పెద్దమ్మ ఏడవలేదు. రెండు రోజులు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చుంది. మూడో రోజు మా ఇంటికి వచ్చి జేజినాయన ముందు నిలబడింది.

"నా ఆవు గుంజ ఇడిసి పోలే మామా. మందలో మేయలే, తొట్టి నీళ్ళు తాగలే. దాని కాడికి వచ్చింది నువ్వొక్కనివే. నీ చేతిలో గొట్టమొకటే."

జేజినాయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "మంచికి పోతే చెడ్డ ఎదురైనాదంట. నలభై ఏండ్లుగా తాపుతాండా నేను. పో అమ్మీ, దుఃఖంలో ఏందో మాట్లాడతాండావు" అన్నాడు. మా ఇంట్లోవాళ్ళు ఆమెను పంపించేశారు. పొమ్మనలేదు. పొమ్మనకుండా ఎలా పంపించాలో మా ఇంట్లో అందరికీ బాగా తెలుసు.

మరుసటి రోజు పొద్దున్నే, పొద్దు పొడిచీ పొడవకముందు, పెద్దమ్మ గోడ మీదినుంచి నన్ను పిలిచింది. చేతిలో చిన్న కొబ్బరిచిప్ప. అందులో నీలిబాన పైన తేలే నురుగు, చిక్కగా. ఇద్దరం వీధి చివరి కల్లానికి వెళ్ళాం. అక్కడ వేపచెట్టు కింద రోగమొచ్చిన ఎద్దు ఒకటి కట్టేసి ఉంది. జేజినాయన ఆ రోజు మందు మొదలుపెట్టబోయేది దానితోనే. పెద్దమ్మ ఒక పుల్లకు గుడ్డపీలిక చుట్టి, నురుగులో ముంచి, ఆ ఎద్దు మూతి చుట్టూ, పెదవుల లోపలా రాసింది. తర్వాత పుల్లనూ పీలికనూ చిప్పనూ అక్కడే కాల్చేసింది. బూడిదతో మోచేతుల దాకా కడుక్కుంది. నన్ను దూరంగా నిలబెట్టి, దేన్నీ ముట్టుకోనివ్వలేదు.

"రంగు చేత్తో తెల్లనూలు ముడితే ఏమయితాది పాపా?" అని అడిగింది.

"నూలుకు రంగు అంటుతాది."

"మీ జేజినాయనకు నూలు సంగతి తెల్దు. అందుకే చూపిస్తాండా. నువ్వు చెప్పొద్దు, నాకు మాటియ్యి. ఆయప్ప కండ్లతోనే చూడాల. రెండో కొట్టంలోనే తెలిసిపోతాది, ఆడితో నిలబెడతాడు."

ఆమె అనుకున్నది అది. నీలం రంగు కొట్టంలో ఇంకెక్కడా ఉండదు. గడ్డి, పేడ, కుడితి, మట్టి, వీటిలో దేనికీ ఆ రంగు లేదు. రెండో ఎద్దు మూతి మీద నీలం కనిపించగానే ఆ ఇంటివాళ్ళే అరుస్తారని ఆమె లెక్క. కానీ జీవితమంతా రంగులతో బతికిన మనిషి, కోపంలో ఒక్కటి మరిచిపోయింది. జేజినాయన మందులో పసుపు ఉంది. పసుపులో నీలి పడితే ఆకుపచ్చన అవుతుంది. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఎంత బాగా తెలిసినా కోపం వచ్చినప్పుడు గుర్తుకు రాకపోతే ఏం లాభం?

నేను జేజినాయన వెనకే వెళ్ళాను. కల్లం దగ్గర ఎద్దుకు మందు తాపాడు, ఆయన లెక్కలో అదే మొదటి కొట్టం. గొట్టం తీసి కుండలో ముంచాడు. కుండలోని మందు ఆకు పసరు రంగుకు తిరిగింది. రెండో కొట్టంలో ఎద్దు మూతికి ఆ పసరు అంటుకుంది. ఇప్పుడు అరుస్తారు, ఇప్పుడు అరుస్తారు అనుకున్నాను. ఆ ఇంటాయన కుండలోకి తొంగి చూశాడు.

"ఈసారి ఆకు పసరు బాగా ఏసినట్టుండావే మామా. మందు శానా ఘాటుగా ఉండాది" అన్నాడు.

జేజినాయనకు కంట్లో పువ్వు, చీకటి కొట్టంలో రంగు తెలియదు. పొగడ్త మాత్రం వినిపించింది. తల ఊపి మూడో కొట్టానికి కదిలాడు.

నేను నోరు తెరవలేదు. చెప్పొద్దని మాట తీసుకుంది కదా. మాట తప్పకూడదని నేర్పింది ఇదే జేజినాయన. నాలుగో కొట్టం. ఐదో కొట్టం. అక్కడ ఒక లేగదూడ ఉంటే దానికీ పోశాడు. ఆరు, ఏడు, ఎనిమిది. ప్రతి గడప దగ్గరా నా నాలుక చివరిదాకా మాట వచ్చింది, మింగాను. తొమ్మిదోది మా కొట్టం. మా జత ఎద్దులకు, పద్ధతి ప్రకారం అందరికంటే ఆఖర, అప్పటికి ఎనిమిది కొట్టాల నోళ్ళలో తిరిగి వచ్చిన గొట్టంతో, మా జేజినాయన తన చేత్తో తాను మందు తాపాడు. పెద్దమ్మ మగ్గం గుంటలో కూర్చుని కేక కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఆ కేక రావలసింది నా నోట్లోంచి.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సంగతి బయటపడింది. ఎద్దులను నీళ్ళకు బయటికి తోలారు. పసుపు ఎండకు వెలిసిపోతుంది, నీలి పోదు. ఒక్కొక్క కొట్టంలోంచి ఒక్కొక్క ఎద్దు నీలం మూతితో బయటికి వచ్చింది. మొదట నవ్వారు. తర్వాత భయపడ్డారు, అమ్మవారు గుర్తు పెట్టిందన్నారు. జేజినాయన మా ఎద్దులను ఎండలోకి తెచ్చి, దగ్గరికి వంగి మూతి చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. వేళ్ళు, అరచేతులు, గోళ్ళు, భుజం మీది తుండుగుడ్డ, అన్నీ నీలం.

మగ్గం పెద్దమ్మ అప్పుడు వచ్చింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి వీధంతా వినేటట్టు అరిచింది.

"చూసుకో మామా. ఈ నీలి నాది. తెల్లారి నేను పూసింది ఒక్కదాని మూతికి, కల్లంకాడ రోగమొచ్చినదానికి. ఇప్పుడు తొమ్మిది కొట్టాల్లో ఉండాది. నీ ఎద్దుల కాడికి ఎట్ల వచ్చినాది? నడిచొచ్చినాదా?"

"నేనేమన్నా విసం పోసినానా మే? మంచి చేసే చెయ్యి ఇది!"

"మంచిదో చెడ్డదో రంగుకేం తెల్సు మామా? చెయ్యి దొరికితే అంటుకుంటాది. నా ఆవుకు గూడ ఇట్లనే అంటినాది. దానికి రంగు లేదు, అందుకే నీకు కనపడలే."

జేజినాయన చేతులు చాపుకుని అలాగే నిలబడ్డాడు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. అప్పుడు పెద్దమ్మ వరుసగా నీలం మూతులు లెక్కపెట్టింది. లెక్కపెడుతూ నాలుగుకో ఐదుకో వచ్చేసరికి ఆమె ముఖం మారిపోయింది. నన్ను వెతుక్కుంటూ వచ్చి రెండు భుజాలు పట్టుకుంది.

"మే, నువ్వు ఎనకాలే ఉంటివి కదా. అన్నీ చూస్తివి కదా. యాల అరవలే?"

"నువ్వే చెప్పొద్దంటివి కదా పెద్దమ్మా."

"చెప్పొద్దంటే మాత్రం? ఎద్దుల ప్రాణాలు పోతాంటే గూడ చెప్పవా?"

ఎంత అన్యాయం ఆ మాట! నోరు కుట్టింది ఆమె, తిట్టింది ఆమె. ఆ రోజు ఆమె మీద వచ్చిన కోపం నాకు ఇంకా పోలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల మీద అంత బరువు పెట్టకూడదు. కానీ ఆమె అన్నది నిజం. అన్యాయంగా చెప్పినా నిజం నిజమే. రెండో కొట్టం దగ్గర నేను ఒక్క కేక వేసి ఉంటే మిగతా ఏడు కొట్టాలకు ఆ గొట్టం వెళ్ళేది కాదు.

మర్నాడు తెల్లవారి జేజినాయన ఒక్కడే నడుచుకుంటూ పోయి, తాను వెనక్కి పంపిన డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఏం చెప్పి పిలిచాడో తెలియదు. పొట్టులో పెట్టిన ఐసు మధ్య మందు సీసాలు తెచ్చాడు డాక్టరు. ముందుగా అడిగింది, ఏ కొట్టం తర్వాత ఏ కొట్టానికి వెళ్ళారని. జేజినాయన తడబడ్డాడు. నేను చెప్పాను, ఒకటి నుంచి తొమ్మిది దాకా, తప్పు లేకుండా, దూడతో సహా. అప్పుడు మాత్రం నోరు బాగానే తెరుచుకుంది.

డాక్టరు పని జేజినాయన పద్ధతికి సరిగ్గా తలకిందులు. గొట్టం తగలని వీధుల్లో మొదలుపెట్టాడు, మా తొమ్మిది కొట్టాలకు ఆఖర వచ్చాడు. ఇంటింటికీ సూది మరిగించాడు, చేతులు కడిగాడు. ఊరి తొట్టి ఖాళీ చేయించి, ఎవరి బాన వాళ్ళకు పెట్టించాడు. రోగమొచ్చినవాటిని కల్లంలోనే ఉంచి, వాటిని చూసే మనిషి మంద వైపు రాకూడదన్నాడు. చచ్చినవాటిని లోతుగా గుంత తీసి సున్నం పోసి పూడ్పించాడు. పై వీధుల పశువులు బతికాయి. మావాటికి సూది ఆలస్యమైంది. తొమ్మిది కొట్టాల్లో అయిదింటిలో చావులు చూశాం. మా జతలో ఎడమ ఎద్దు పోయింది. ఐదో కొట్టంలోని లేగదూడ పోయింది. మృగశిర వాన ఆ ఏడు చెప్పినట్టు వచ్చింది, ఎప్పుడూ రానంత బాగా వచ్చింది. తడిసిన చేను గట్టున ఒంటెద్దుతో నిలబడి ఆ వానను మా నాయన తిట్టిన తిట్లు నేను రాయలేను.

ఒకటి మాత్రం జేజినాయన చేశాడు. ఊరంతా కూడిన రోజు మళ్ళీ ఎవరో మగ్గం చప్పుడు మాట ఎత్తారు. ఆయన లేచి నిలబడి రెండు చేతులూ ముందుకు చాపాడు. "ఆయమ్మ మగ్గం కాదప్పా. ఇవి, ఈ చేతులు" అన్నాడు. అంతే, కూర్చున్నాడు. ఆ మాట కోసం నేను ఆయన్ను క్షమించాలని చాలాసార్లు అనుకున్నాను. సగం క్షమించాను. మిగతా సగానికి ఎడమ ఎద్దు అడ్డం పడుతుంది.

వెదురుగొట్టాన్ని ఆయనే పొయ్యిలో పెట్టాడు. చేతుల నీలి కొన్నాళ్ళకు పోయింది, గోళ్ళది పోలేదు. గోరు పెరిగేకొద్దీ ఆ నీలం మెల్లగా చివరికి జరుగుతూ పోయింది. అన్నం కలుపుకునేటప్పుడు ఆ గోళ్ళనే చూసుకునేవాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఒక పశువును ముట్టి ఇంకో పశువును ముట్టే ముందు బూడిదతో చేతులు కడిగేవాడు. ఎవరూ చూడకపోయినా కడిగేవాడు.

మొన్నమొన్న పశువులకు ఒళ్ళంతా గడ్డలు లేచే జబ్బు వచ్చినప్పుడు మా మనవడు మందు తెచ్చి, ఒకే సూదితో మూడిళ్ళ ఆవులకు వేయడానికి బయలుదేరాడు. పాపం, సాయం చేద్దామనే. మొదటి ఇల్లు అయి రెండో ఇంట్లో అడుగు పెట్టాడు. వీధి మధ్యలో నిలబడి నేను పెట్టిన కేకకు వాడు సిరంజి కింద పడేశాడు. నలుగురిలో పరువు తీశానని వాడికి నా మీద అలక. ముసలిదానికి నోరెక్కువైందని కోడలు గొణిగింది. ఎక్కువే. నా నోరు తొమ్మిదేళ్ళప్పుడు ఒక పూట మూతపడింది, ఆ గొట్టం ఇంకో ఏడు కొట్టాలు తిరిగింది. ఇక ఎవరికి కోపం వచ్చినా, ఎవరు చెప్పొద్దని ఒట్టు పెట్టినా, నేను రెండో కొట్టం దగ్గరే అరుస్తాను.